కత్తి తుడిచే కేశవరావు

టెక్సాస్‌లోని ప్లేనోలో కేశవరావు అనే పేరున్నవాళ్ళు ఒక అపార్ట్‌మెంటు నిండా ఉంటారు. వాళ్ళలో కత్తి కేశవరావు మాత్రం ఒక్కడే. పేరు విని కండలూ కోరమీసమూ ఊహించుకోకండి. మనిషి అయిదడుగుల మీద కొసరంత ఉంటాడు. మీసం ఎప్పుడో తీసేశాడు. వారంలో అయిదు రోజులు ఆఫీసులో కూర్చుని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతాడు. మిగిలిన రెండు రోజులూ, ఫెయిర్లు జరిగే కాలంలో, తన భార్య మింగబోయే కత్తిని తుడుస్తాడు.

సరిగ్గానే చదివారు. ఆయన భార్య పద్మజ కత్తులు మింగుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తుతుంది, శని ఆదివారాలు డేరాలో స్టేజి ఎక్కుతుంది.

కేశవరావు తుడిచిన కత్తి ఎంత మెరుస్తుందంటే, ఓక్లహోమా సరిహద్దులో ఒకసారి ఆ మెరుపు చూసి విమానమొకటి రన్‌వే అనుకుని కిందికి దిగబోయిందట. చెప్పింది కేశవరావే కాబట్టి విమానాన్ని గాలిపటంగా తగ్గించుకుని నమ్మితే చాలు. దసరా నాడు జరిగిన సంగతి మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గించుకోవడానికి వీల్లేదు.

ముందు పద్మజ ఈ పనిలోకి ఎలా వచ్చిందో చెప్పాలి. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేయడానికి వీల్లేక, ఇంట్లో గోడలతో మాట్లాడుతున్న రోజుల్లో ఒక కౌంటీ ఫెయిర్‌కి వెళ్ళారు. అంటే మన తిరునాళ్ళే, కాకపోతే పార్కింగ్ ఉంటుంది. రంగులరాట్నాల వెనక, పశువుల పాకల పక్కన, వెలిసిపోయిన బొమ్మల తెరలు కట్టిన ఒక డేరా కనిపించింది. లోపల లొరెట్టా అనే ముసలావిడ కత్తి మింగుతోంది. ఆట అయిపోయి జనమంతా బయటికి పోతుంటే పద్మజ ఎదురు నడిచి ఆమె దగ్గరికి వెళ్ళి, ఇది నేర్చుకోవడానికి ఎంత కాలం పడుతుందని ఇంగ్లీషులో అడిగింది. భార్య బాత్‌రూమ్ ఎక్కడని అడుగుతోందనుకున్నాడు కేశవరావు.

లొరెట్టా ఆమె మెడ వంక కాసేపు చూసి, "పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు నీకు డోకు వస్తుందా?" అంది.

రాదు. అదే వింత. కేశవరావు నాలుక గీసుకుంటే మూడిళ్ళ అవతల ఉన్న కుక్క లేచి మొరుగుతుంది. పొరుగింటి అమెరికన్ ఒకసారి అంబులెన్స్ పిలవబోయాడు. పద్మజ నాలుక గీసుకున్నట్టు పక్కగదిలో ఉన్నవాడికి కూడా తెలియదు.

"అయితే సగం పని అయిపోయింది," అంది లొరెట్టా. మిగతా సగానికి నాలుగేళ్ళు పట్టింది.

లొరెట్టా పుట్టుకే ఆ డేరాలో. తండ్రి ఒంటినిండా పచ్చబొట్లు పొడిపించుకుని కూర్చునేవాడు. తల్లి కరెంటు కుర్చీలో కూర్చుని చేత్తో బల్బులు వెలిగించేది. లొరెట్టా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళే ట్రక్కులో పుట్టింది కాబట్టి ఆమె పుట్టిన రాష్ట్రం ఏదో ఇప్పటికీ తేలలేదు. ఓటు అడగడానికి మాత్రం రెండు రాష్ట్రాల వాళ్ళూ వస్తారట. ఒకప్పుడు ఆ డేరా కింద వరసగా పది ఆటలుండేవి. చలికాలం వస్తే అందరూ ఫ్లోరిడా చేరి, చిరిగిన గుడారం కుట్టుకుంటూ, ఒకరి కోళ్ళు ఒకరు దొంగిలించుకుంటూ గడిపేవారు. ఇప్పుడు నిప్పు మింగేవాడు, మేకుల మంచం మీద పడుకునేవాడు మిగిలారు. ఆ ఇద్దరూ కూడా ఒక్కడే, పేరు రూబెన్. లొరెట్టా గొంతు ఇక కత్తిని పట్టనంది. అందుకని బయట మెట్టు మీద నిలబడి మైకులో జనాన్ని పిలుస్తుంది. కత్తి పద్మజకి వచ్చింది.

"వీళ్ళకి ఫోన్లో అన్నీ దొరుకుతాయి," అంటుంది లొరెట్టా. "వాసన దొరకదు. వాసన కోసం వస్తారు."

ఫోన్లో పెరిగినవాళ్ళకి ఏది చూసినా దొంగదే అనిపిస్తుంది. అందుకే ఆ డేరాలో ఒక ఆనవాయితీ ఉంది. మింగే ముందు కత్తిని జనంలోకి పంపుతారు. చేతులు మారుతుంది. వంచి చూస్తారు, తట్టి చూస్తారు, మొన మీద వేలు పెట్టి చూస్తారు. తిరిగి వచ్చాక కేశవరావు స్పిరిట్ గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిచి, పిడి ముందుకు పెట్టి భార్యకి అందిస్తాడు. ఆ పని ఆయనే అడిగి పుచ్చుకున్నాడు. జనంలో కూర్చుని భయపడటం కంటే పక్కన నిలబడి భయపడటం నయమనిపించింది.

లొరెట్టా ఆయనకి ఒకటే నేర్పింది. కత్తి లోపల ఉన్నంతసేపూ పద్మజని పిలవకూడదు, ముట్టుకోకూడదు, నవ్వించకూడదు. ఉలిక్కిపడితే చాలు, దగ్గు వస్తే చాలు. ఒకప్పటి తన జోడీ కాన్సస్‌లో ఏదో చిన్న ఊళ్ళో ఒక్కసారి దగ్గాడని, అన్నవాహిక చిరిగిపోయిందని, తెల్లవారేలోపు పోయాడని లొరెట్టా చెప్పింది. అన్ని విషయాలూ పెంచి చెప్పే మనిషి ఆ ఒక్కటీ పెంచకుండా చెప్పడం చూసి కేశవరావుకి ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇక దసరా. శనివారం, అక్టోబరు అయినా టెక్సాస్ ఎండ తగ్గలేదు. పొద్దున గుళ్ళో పూజ చేయించుకుని, పిల్లలు పోరు పెడితే, మన వాళ్ళు కార్లకి కార్లే ఫెయిర్‌కి దిగారు. మధ్యాహ్నం ఆటకి డేరా ముందు వరసంతా పట్టుచీరలే. అన్నేళ్ళలో ఆ డేరాలో అంతమంది తెలుగువాళ్ళు ఎప్పుడూ కూర్చోలేదు. పద్మజ తెర సందులోంచి చూసి, "ఏవండీ, మనవాళ్ళే అందరూ," అంది. గొంతులో సంబరం, దాని కింద కొంచెం వణుకు.

"ఎవరైతే ఏంటి, ఎప్పట్లాగే చెయ్యి," అన్నాడు కేశవరావు. మడత పెట్టిన గుడ్డనే విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

లొరెట్టా కత్తి గొప్పలు మైకులో చెబుతుండగా కత్తి జనంలోకి వెళ్ళింది. ముందు వరసలో చంద్రిక అనే ఆవిడ ఉంది. కూతురు నిధిని, భర్తనీ చెరో పక్కన కూర్చోబెట్టుకుంది. కత్తి ఆమె చేతికి రాగానే ఆమె వంచి చూడలేదు, తట్టి చూడలేదు. కళ్ళకద్దుకుంది. విజయదశమి నాడు చేతిలో ఆయుధం పెడితే ఇంకేం చేస్తుంది? హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుంకుమ ఉన్న జిప్‌లాక్ సంచీ తీసి, ఉంగరపు వేలు ముంచి, పిడికి కొద్దిగా కింద నిండుగా బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని పక్కవాళ్ళకి అందించింది.

"అమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్," అంది నిధి. "అది వాళ్ళ ప్రాప్."

"ఊరుకోవే. ఈ రోజు ఫ్రిజ్‌కి కూడా పెట్టాను."

పద్మజ అప్పుడు స్టేజికి అటు చివర జనానికి నమస్కారం చేస్తోంది. ఆమెకి ఇదేం తెలియదు. కత్తి కేశవరావు చేతికి వచ్చింది. స్పిరిట్ గుడ్డ మొన దగ్గర మొదలుపెట్టి పైకి తెచ్చాడు. బొట్టు దగ్గర గుడ్డ ఆగింది.

తుడిస్తే పోయేదే. ఒక్క విదిలింపు. కానీ దసరా నాడు, అమ్మవారి కుంకుమ, అదీ తన భార్య ప్రాణం మీదికి తెచ్చే వస్తువు మీద. భర్త చేత్తో భార్య ముందు కుంకుమ తుడవడం. ఆయన చదువుకున్నవాడే, ఇలాంటివి నమ్మనని ఆఫీసులో వాదించినవాడే. చెయ్యి మాత్రం కదల్లేదు. పద్మజ ఎప్పుడూ నాలుగు వేళ్ళ మేర కత్తి బయట వదిలేస్తుంది. బొట్టు పిడికి మూడు వేళ్ళ లోపే ఉంది. పెదవి దాకా రాదు. ఎవరి నోట్లోకీ పోని చోట ఉన్న కుంకుమని తుడిచి పాపం మూటకట్టుకోవడం దేనికి? ఆయన బొట్టు చుట్టూ జాగ్రత్తగా తుడిచాడు. చూస్తే పద్మజ తుడిచెయ్యమంటుందని, బొట్టున్న వైపు కిందికి తిప్పి అందించాడు.

పద్మజ తల వెనక్కి వంచింది. కత్తి నిటారుగా పైన నిలిచి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. డేరాలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. సగం దిగింది. ఇంకా దిగింది. నాలుగు వేళ్ళ దగ్గర ఆగింది. కేశవరావు ఊపిరి వదిలాడు.

అప్పుడు చంద్రిక భర్త, తన గొంతు ఎవరికీ వినపడదనుకునే రకం, తెలుగులో అన్నాడు. "మొత్తం ఎక్కడ పోయింది? అదిగో, ఇంకా బయటే ఉందిగా. మడత కత్తి అయ్యుంటుంది. మనూళ్ళో రోడ్డు మీద ఇంతకంటే బాగా చేస్తారు."

ఇంగ్లీషులో ఎన్ని మాటలు విసిరినా పద్మజకి పట్టేది కాదు. లొరెట్టా ఆమె చెవులకి ఆ తర్ఫీదు ఇచ్చింది. తెలుగుకి ఎవరూ తర్ఫీదు ఇవ్వలేదు. పిడి మీద ఆమె వేళ్ళు బిగుసుకోవడం కేశవరావు చూశాడు. వద్దు అనుకున్నాడు. అనుకోవడమే, అనడానికి లేదు. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడుతుంది. పిలవకపోతే దింపుతుంది.

దింపింది. మూడు వేళ్ళు. రెండు. పిడి వచ్చి పెదవులకి ఆనింది. జనం హోరుమన్నారు.

కేశవరావుకి ఆ హోరు వినపడలేదు. ఆయన కళ్ళు పద్మజ నోటి మూలనే ఉన్నాయి. అక్కడ ఎర్రగా సన్నటి చార ఒకటి తేలి, చెంప మీదికి జారింది. తడి తగిలిన కుంకుమ కరిగిందా, లోపల ఏదైనా తెగిందా? రెండూ అయ్యుండొచ్చు. చూసి చెప్పే దారి లేదు. ఆ తరవాత ఆమె గొంతు మీద చర్మం చిన్నగా ఎగిరింది. అన్నేళ్ళలో అది ఎగరడం ఆయన చూడలేదు. మళ్ళీ ఎగిరింది.

కుంకుమ పొడి లోపలికి దిగింది. దగ్గు బయల్దేరింది.

ఇప్పుడామె చేయవలసింది నడుం దాకా ముందుకి వంగి జనానికి వందనం చేయడం. ఆటలో అదే తరవాతి ఘట్టం. కత్తి లోపలుండగా, దగ్గు గొంతులో ఉండగా, వంగితే. వందనానికి ఆమె అప్పటికే సిద్ధమవుతోంది.

కేశవరావు నడిచాడు. పరిగెత్తలేదు, చెక్కలు అదురుతాయని. బయట మెట్టు మీద లొరెట్టా తెర సందులోంచి చూసి మాట మధ్యలో ఆపేసింది. ఆమె మైకు మూగబోవడం విని పక్క దుకాణంలో మొక్కజొన్నలు కాల్చేవాడు కరెంటు పోయిందనుకున్నాడట. పద్మజ భర్త కంటే జానెడు పొడుగు. తల వెనక్కి వంచినా పిడి ఆయన కళ్ళకంటే ఎత్తున ఉంది. కిందినుంచి లాగితే కత్తి ఏటవాలుగా వస్తుంది, ఏటవాలుగా వస్తే కోస్తుంది. రూబెన్ మేకుల మంచం ఎక్కడానికి వాడే చెక్కపెట్టె అక్కడే ఉంది. కాలితో మెల్లగా జరిపి దాని మీదికెక్కాడు. పంచ కట్టుకుని బస్సెక్కుతున్నవాడిలా ఉన్నాడని నిధి తరవాత అందరికీ చెప్పింది.

పిడి మీదున్న భార్య చేతి మీద తన చెయ్యి వేశాడు.

ఆమె ఒళ్ళంతా కొయ్యబారింది. ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరూ ఎప్పుడూ ముట్టుకోలేదు. మూసిన కనురెప్పల కింద కనుగుడ్లు ఇటూ అటూ తిరిగాయి. చెయ్యి అలాగే ఉంచాడు. అప్పుడు ఆయనకి ఇంకో సంగతి తెలిసింది. కత్తి కొట్టుకుంటోంది. పిడిలోంచి ఆయన అరచేతిలోకి, ఆగి ఆగి, ఎవరో లోపలినుంచి తలుపు తడుతున్నట్టు. అది పద్మజ గుండె. ఉక్కు దాని పక్కనే ఉంది.

దోసె తిప్పితే నాలుగు ముక్కలు చేసే చెయ్యి ఆయనది. ఆ చెయ్యి ఇప్పుడు ఒక్క నూలు కూడా పక్కకి పోకూడదు.

పద్మజ వేళ్ళు ఒక్కొక్కటీ వదులయ్యాయి. తన చెయ్యి కిందినుంచి తీసేసుకుంది. కత్తి మొత్తం ఆయన చేతికి ఇచ్చేసి, రెండు చేతులూ పక్కలకి వేలాడేసింది.

ఆయన ఎత్తాడు. తిన్నగా, పైకి. గొంతు ఇంకోసారి ఎగిరితే ఆగాడు. ఆగడం తప్పో ఒప్పో తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఎగురు తగ్గాక మళ్ళీ ఎత్తాడు. ఆ కత్తికి అంతు లేదనిపించింది. మేకుల మంచం మీది మనిషి, ముందు వరస పట్టుచీరలు, ఫ్యాన్లు, అన్నీ ఎక్కడో ఉన్నాయి. చేయి తల మీదికి పోయింది, భుజం లాగింది, మునివేళ్ళ మీద లేచాడు. మొన పెదవుల్లోంచి బయటపడింది.

అప్పుడు దగ్గింది పద్మజ. రెండుగా వంగిపోయి, ఊపిరి అందక, చేతికందిన గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. గుడ్డ ఎర్రబడింది. జనం అదీ ఆటలో భాగమేననుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తెర వెనక లొరెట్టా ఫోన్ లైటు వేసి గొంతులోకి చూసింది. చాలాసేపు చూసింది. కేశవరావు గోడ లేని చోట గోడకి ఆనుకోబోయి తూలాడు. "గీత కూడా పడలేదు," అంది లొరెట్టా. పద్మజ గుడ్డ వాసన చూసింది. పసుపు, సున్నం. నాలుక మీది గరుకుని వేలితో తీసి చూసుకుంది.

"కుంకుమ," అంది. గొంతు బొంగురుగా ఉంది. "కత్తి మీద కుంకుమ ఉందా?"

"ఎవరో ఆవిడ పెట్టింది."

"మీరు చూశారా?"

"చూశాను."

"చూసి?"

"చుట్టూ తుడిచాను."

"చుట్టూ." పద్మజ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసినట్టు అంది. "ఆఫీసులో కూడా అంతేనా? బగ్ కనపడితే దాని చుట్టూ టెస్ట్ చేస్తారా?"

"దసరా పూట పద్మా. అమ్మవారి కుంకుమ. నువ్వు మింగబోతూ ఉంటే నా చేత్తో ఎలా తుడవను? నీకేమన్నా అవుతుందని..."

"అయ్యేది," అంది పద్మజ. "మీరు తుడవనందుకు అయ్యేది."

లొరెట్టా ఇద్దరి మొహాలూ చూసి, తెలుగు రాకపోయినా మొత్తం అర్థమైనదానిలా, రెండు ఆటలు రూబెన్ చేత నిప్పు మింగిస్తానంది. మూడో ఆటకి పద్మజ ఎక్కాలంది. గండం తప్పి దిగిన రోజే మళ్ళీ ఎక్కనివాళ్ళు ఇక ఎక్కరని, తను చాలామందిని చూశానని చెప్పి బయటికి పోయింది.

పద్మజ ఫ్లాస్కులో మజ్జిగ గుక్కగుక్కగా తాగింది. ప్రతి గుక్కా ఎక్కడిదాకా పోతోందో కేశవరావు కళ్ళతో వెంబడించాడు. నొప్పి లేదంది. "ఎక్కగలనో లేదో," అంది, ఆయన వంక చూడకుండా. "తల వంచితే మీరేం తుడిచారో ఏం వదిలేశారో అనే వస్తోంది. అలా అనుకుంటూ మింగలేనండీ."

ఇంతలో తెర పక్కకి తప్పుకుంది. చంద్రిక, వెనక నిధి.

"ఏవండీ, రావచ్చా? ఎంత బాగా చేశారో. చివర్లో అంకుల్ గారు వచ్చి తీయడం, అబ్బ, ఒళ్ళు గగుర్పొడిచింది. మా ఆయన నోరు మూయించారు." ఆవిడ గొంతు తగ్గించింది. "కత్తికి బొట్టు నేనే పెట్టానండీ. బెజవాడ నుంచి తెప్పించిన కుంకుమ. చూశారా, చీమంత ఆపద కూడా రాలేదు."

కేశవరావు నోరు తెరిచాడు. పద్మజ కళ్ళతోనే మూయించింది.

"చాలా థాంక్సండీ," అంది.

"అయ్యో, మీ నుదురు బోసిగా ఉందే, పండగ పూట." జిప్‌లాక్ సంచీ మళ్ళీ బయటికి వచ్చింది. పద్మజ కదలకుండా నిలబడి పెట్టించుకుంది. నిధి కేశవరావు దగ్గరికి వచ్చి, "అంకుల్, ఆ లాస్ట్ పార్ట్ రియల్‌గా ప్లాన్ చేశారా?" అని మెల్లగా అడిగింది.

"లేదమ్మా."

"యా. యువర్ ఫేస్," అంది నిధి, ఇంకేం అడగకుండా తల్లిని తీసుకుని వెళ్ళిపోయింది.

బయట లొరెట్టా మూడో ఆటకి జనాన్ని పిలవడం మొదలుపెట్టింది. పద్మజ స్పిరిట్ సీసా అందుకుని కొత్త గుడ్డ తడిపింది. ఆ గుడ్డని భర్త చేతిలో పెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చుని మొహం పైకెత్తింది.

"తుడవండి."

"ఏంటి?"

"నా బొట్టు. మీ చేత్తోనే."

"పద్మా, ఈ రోజు కాదు. ఇంకేదైనా చెప్పు."

"ఇది తుడవలేని చెయ్యి నా కత్తి తుడవలేదు. నేను ఎక్కను. ఇంటికి పోదాం, లొరెట్టాకి మీరే చెప్పండి."

ఆమె బెదిరించడం లేదు. అది ఆయనకి తెలుసు. గుడ్డ ఎత్తాడు. దించాడు. బయట జనం మెట్లెక్కుతున్న చప్పుడు. మళ్ళీ ఎత్తి, కళ్ళు మూసుకోబోతే, "కళ్ళు తెరిచే," అంది పద్మజ. ఆయన కళ్ళు తెరిచే నుదుటి మీద గుడ్డ పెట్టాడు. మొదటిసారికి బొట్టు పోలేదు, కనుబొమల దాకా ఎర్రగా అలుక్కుంది. చూడలేకపోయాడు, అయినా చూశాడు. రెండోసారి నొక్కి తుడిచాడు. మూడోసారికి గుడ్డ మడత మార్చాడు.

"భయం వేసిందా?" అంది పద్మజ.

"చాలా."

"నాకు ప్రతి ఆటకీ వేస్తుంది. ఇంకా ఉందా?"

"లేదు."

"దగ్గరికి వచ్చి చూడండి."

ఆయన వంగి, ఆమె నుదుటి మీది ప్రతి గీతా చూశాడు. కనుబొమ వెంట్రుకల్లో ఒక రేణువు మిగిలింది. దాన్ని కూడా తీశాడు.

"ఇప్పుడు లేదు."

"సరే," అంది పద్మజ లేస్తూ. "కత్తి తుడవండి."